ఇరవై ఐదు మార్కుల పర్యటన

బళ్లారి జిల్లా తోరణగల్లు జంక్షన్‌లో దిగితే పొగగొట్టాలు కనబడతాయి, రోడ్డెక్కితే టిప్పర్లు లేపే ఎర్రదుమ్ము పలకరిస్తుంది. టీకొట్టు దగ్గర ఒకే మాటలో సగం కన్నడం, సగం తెలుగు. ఇక్కడి పిల్లలు డిగ్రీకి సండూరో బళ్లారో వెళ్తారు. వాళ్ల సంచిలో గ్రూపు పుస్తకాల మధ్య ఒక పల్చటి ఈవీఎస్ (పర్యావరణ అధ్యయనం) గైడు ఉంటుంది. పరీక్షకు ముందు రాత్రి తెరిస్తే చాలని దానికి పేరు. ఏ గ్రూపు వాళ్లయినా అందరూ చదవాల్సిన చదువు ఆ గైడు దాకా ఎలా వచ్చిందన్నది నూట అరవై ఏళ్లకు పైబడిన కథ.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అందరూ ఏం చదవాలన్న ప్రశ్నే లేదు. 1953 దాకా బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి ఇక్కడి పిల్లలకూ ఆ పట్టాయే పట్టా. డిగ్రీకి ముందు చదివే ఎఫ్.ఏ.లో గ్రూపుల బెడద లేదు. ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, శరీరధర్మశాస్త్రం అన్నీ అందరూ చదవాలి, అన్నీ గట్టెక్కాలి. ఎలా ఉండేదో శ్రీనివాస రామానుజన్‌ను చూస్తే తెలుస్తుంది. కుంభకోణంలో ఇంగ్లీషు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి శరీరధర్మశాస్త్రం దగ్గర బోల్తా పడ్డాడు. 1907లో మళ్లీ రాస్తే లెక్కలు తప్ప మిగతావి పోయాయి. అందరికీ అన్నీ అనే పద్ధతికి ఇదే పెద్ద ఎదురుదెబ్బగా చెబుతారు. నాకు మాత్రం ఇంకోటి కనబడుతుంది: ఆ పద్ధతి రామానుజన్‌ను కొలిచింది, రామానుజన్‌తో తనను తాను ఎప్పుడూ కొలుచుకోలేదు. కొన్నేళ్లకు ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చింది, దాంతోపాటు గ్రూపులూ వచ్చాయి. లెక్కలవాడు చరిత్రను మరిచిపోవచ్చు, చరిత్రవాడు లెక్కల జోలికి పోనక్కర్లేదు.

అదే కాలంలో అమెరికా వెనక్కి తిరిగి చూసుకుంటోంది. కొలంబియా విశ్వవిద్యాలయం 1919లో అందరికీ కలిపి సమకాలీన నాగరికత కోర్సు మొదలుపెట్టింది. 1945లో హార్వర్డ్ ఇదే విషయం మీద ఒక నివేదిక ప్రచురించింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ గాలి ఇక్కడికీ తగిలింది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948 నవంబరులో విశ్వవిద్యాలయ విద్యా సంఘం వేశారు. జనరల్ ఎడ్యుకేషన్‌ను ఆలస్యం చేయకుండా ప్రవేశపెట్టమని 1949లో ఆ సంఘం చెప్పింది. సైన్సు చదివేవాడికి సాహిత్యం, సమాజం తెలియాలి, ఆర్ట్స్ చదివేవాడికి సైన్సు ఆలోచించే తీరు తెలియాలి అన్నది సారాంశం.

సలహా బంగారం, కాని మన కాలేజీల కట్టుబాటు వేరు. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మనిషే ప్రశ్నపత్రం తయారు చేస్తాడు, దిద్దుతాడు, పాఠం ఎక్కలేదనిపిస్తే వచ్చే ఏడు మారుస్తాడు. మన అనుబంధ కళాశాలల్లో సిలబస్ ఒకరిది, పాఠం ఇంకొకరిది, ప్రశ్నపత్రం వేరొకరిది, దిద్దేది ముక్కూమొహం తెలియని నాలుగో మనిషి. పాఠం పారిందో లేదో చెప్పాల్సింది ఎవరు? అలీగఢ్ లాంటి చోట్ల గట్టిగానే ప్రయత్నించారు. మన వైపు మాటే మిగిలింది.

డెబ్బైల మధ్యలో యూజీసీ డిగ్రీని తిరగరాయమన్నప్పుడు ఫౌండేషన్ కోర్సు అనే పేరు స్థిరపడింది. 1982లో హైదరాబాదులో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వీటిని తెలుగులో చక్కటి పుస్తకాలుగా రాయించింది. క్లాసుకు రాలేని వాళ్ల కోసం రాసినవి కాబట్టి చదివితే అర్థమయ్యేవి. మామూలు కాలేజీల్లో భారతీయ వారసత్వం–సంస్కృతి, విజ్ఞానశాస్త్రం–నాగరికత అని రెండు పేపర్లు వచ్చాయి. మొదటిది హిస్టరీ లెక్చరర్‌కు వెళ్లేది. రెండోది ఎవరికి వర్క్‌లోడ్ తక్కువైతే వాళ్లకు. మా కాలేజీలో దాన్ని చెప్పినాయన మంచివాడే, ఆ గంటలో అటెండెన్స్ రిజిస్టరు పూర్తి చేసుకునేవాడు.

పర్యావరణ పాఠం దారి వేరు, అది కోర్టు మెట్లు దిగి వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, డిగ్రీ స్థాయిలో అందరికీ పనికొచ్చే సిలబస్ 2003కి గానీ తయారు కాలేదు. మొత్తం యాభై క్లాసులు. డెబ్బై అయిదు మార్కులు రాతకు, ఇరవై అయిదు క్షేత్ర పర్యటనకు. ఒక కొండో చెరువో నదో చూసి రాయాలి. దగ్గర్లో కాలుష్యం ఉన్న చోటికి వెళ్లాలి. మొక్కల్ని, పురుగుల్ని, పక్షుల్ని గమనించాలి. ఇన్నేళ్లలో వచ్చిన ఉమ్మడి చదువులన్నిటిలో నాకు నచ్చింది ఈ ఇరవై అయిదు మార్కులే. గైడులో జవాబు లేనిది ఇదొక్కటే కాబట్టి.

తోరణగల్లు పిల్లవాడికి ఇంతకంటే పెద్ద ప్రయోగశాల ఎక్కడుంది? ఒకపక్క సండూరు కొండలు, ఇంకోపక్క దరోజి చెరువు, దాని దగ్గరే 1994లో ఎలుగుబంట్లకు ఇచ్చిన అభయారణ్యం. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, ఇరవై ఏళ్లకు పైగా కాగితాల మీదే ఉండి చివరికి ప్రైవేటు చేతుల్లో లేచిన ఉక్కు కర్మాగారం. 2011 జులైలో అక్రమ తవ్వకాల మీద లోకాయుక్త నివేదిక వచ్చిన రెండు రోజులకే సుప్రీంకోర్టు బళ్లారి గనుల్ని ఆపేసింది. జీవశాస్త్రం, అర్థశాస్త్రం, చట్టం, చరిత్ర ఒకే రోడ్డు మీద దొరుకుతాయి.

అయినా రికార్డు పుస్తకం తెరిస్తే ఏముంటుంది? బ్రౌన్ అట్ట, లేబులు, స్కెచ్ పెన్నుతో గీసిన చెరువు, నాలుగు పేజీల గుండ్రటి అక్షరాలు. నేను రాసిందీ అంతే. సీనియర్ ఇచ్చిన దాంట్లో ఊరి పేరు మార్చి ఎక్కించాను. ఆయన ఎవరిదో చూసి రాశాడు. ఇరవై మూడు మార్కులు వచ్చాయి, చెరువు నేను చూడలేదు.

ఆ తర్వాత మార్పులు తరుముకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2015లో మానవ విలువలు, సాఫ్ట్ స్కిల్స్ వగైరా ఫౌండేషన్ కోర్సులు పెట్టి, 2020లో వాటి స్థానంలో లైఫ్ స్కిల్ కోర్సులు తెచ్చింది. కర్ణాటక 2021లో ఓపెన్ ఎలెక్టివ్‌లతో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టి, 2024లో మూడేళ్లకు తిరిగొచ్చింది. గుల్బర్గా నుంచి విడదీసి 2010లో బళ్లారిలో పెట్టిన విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కూడా ఆ వెనకే నడిచింది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ముల పిల్లలకు ఒకరి డిగ్రీ ఒకరికి అంతుబట్టదు. పాతది ఎందుకు పనికిరాలేదో తేల్చి కొత్తది పెట్టలేదు, అసలు గొడవ అక్కడే. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ 1994 నుంచి ఉంది నిజమే. దాని బృందం రావడానికి వారం ముందు కాలేజీలో ఫైళ్లు తయారవుతాయి, గోడలకు సున్నం పడుతుంది.

కొలవడం అంత కష్టమేమీ కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికీ పెద్ద ప్లాంటుకూ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రభావ అంచనా నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి. డిగ్రీ మొదటి నెలలో ఆ సారాంశం ఒకటి చేతికిచ్చి రెండు ప్రశ్నలు రాయమనండి. చివరి నెలలో ఇంకోటి ఇచ్చి మళ్లీ రాయమనండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే పాఠం ఎక్కిందో లేదో మాస్టారికే తెలిసిపోతుంది. సండూరు, బళ్లారి అధ్యాపకులారా, ఈసారి నోటీసు పడినప్పుడు ఆ ఇరవై అయిదు మార్కుల కోసం పిల్లల్ని ఆ ప్రజాభిప్రాయ సేకరణకు తీసుకెళ్లండి.