బండి రోజంతా నడిచినా వెనక బ్యాటరీ ఎందుకు నిండలేదు?

ఇవాళ ముచ్చట బ్యాటరీది. ముందు మా మామ కథ చెప్తా, తర్వాత చరిత్రలోకి పోదాం.

మామకు ఒక టిఫిన్ ట్రెయిలర్ ఉంది. పాత జీపు వెనక తగిలించుకుని పోతాడు. అందులో 12 వోల్టుల ఫ్రిజ్, లైట్లు, ఒక బ్యాటరీ. ఒక శనివారం శ్రీశైలం బయల్దేరాడు. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి మూసేస్తారు కదా, అక్కడే ఆగాడు. దారి పొడుగునా ఇంజన్ నడిచింది, బ్యాటరీ నిండే ఉంటుందనుకున్నాడు. పొద్దున చూస్తే ఫ్రిజ్ ఆగిపోయింది. దోశ పిండి మొత్తం పులిసి పొంగిపోయింది. రెండు రోజుల బేరం పోయింది. మెకానిక్ ఏమో 'బ్యాటరీ మార్చు' అన్నాడు. అసలు తప్పు బ్యాటరీది కాదు.

ఈ తలనొప్పి చాలా పాతది. మళ్లీ ఛార్జ్ చేసుకునే సీసం బ్యాటరీని ఫ్రాన్స్‌లో గాస్తోన్ ప్లాంతే 1859లో తయారు చేశాడు. తర్వాత రైలు పెట్టెల్లో కరెంటు దీపాలు వచ్చాయి. మన పాత నీలం రంగు స్లీపర్ కోచ్ కిందికి వంగి చూశారా ఎప్పుడైనా? చక్రాల ఇరుసు నుంచి బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, పక్కన బ్యాటరీ పెట్టెలు, 110 వోల్టులు. అంటే ఏ పెట్టె కరెంటు ఆ పెట్టెదే, ఇంజన్‌ను అడుక్కోదు! ఇప్పటి ఎల్‌హెచ్‌బీ రైళ్లలో ఇంజన్ నుంచే కరెంటు పంపిస్తున్నారు, కానీ 750 వోల్టుల్లో. ఎందుకంటే వోల్టేజీ ఎక్కువైతే అదే పవర్‌కు ఆంపియర్లు తక్కువ చాలు, వైరులో నష్టమూ తక్కువే.

కార్ల దారి వేరు. 1912 క్యాడిలాక్‌లో ఛార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక హ్యాండిల్ తిప్పే బాధ పోయింది, బ్యాటరీని నింపడానికి జనరేటర్ తప్పనిసరైంది. ఆ డైనమోలు ఇంజన్ నెమ్మదిగా తిరిగితే కరెంటే ఇచ్చేవి కావు. 1960లో క్రైస్లర్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్ వచ్చాక ఆ లోటు చాలావరకు తీరింది. కానీ వోల్టేజీ మాత్రం 12 దగ్గరే ఆగింది. ముందున్న బ్యాటరీకి అది బాగానే సరిపోతుంది, వైరు జానెడే కాబట్టి. ఏడు మీటర్ల వెనకున్న ట్రెయిలర్‌కు? అక్కడే మామ దొరికిపోయాడు.

మేం మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాం. ఇంజన్ ఆన్, ఫ్రిజ్ ఆన్. ఏ లోడూ లేకుండా కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, జాగ్రత్త. ముందు బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, వెనక 12.7. మధ్యలో 1.4 వోల్టులు మాయం! పది ఆంపియర్లు పోతున్నాయి, ప్లస్ వైరేమో 2.5 చదరపు మిల్లీమీటర్ల సన్నది. అందులోనే దాదాపు అర వోల్టు పోయింది. మిగతా 0.9 ఎక్కడ పోయింది? మైనస్‌కు వేరే వైరే లేదు. హుక్కు ఇనుమే ఎర్త్! దాని నిండా తుప్పు, గ్రీజు.

ప్లస్‌కు, మైనస్‌కు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు వేశాం, ప్లస్ వైరుకు రెండు చివర్లా ఫ్యూజు పెట్టాం. ఇంజన్ ఆపగానే తెగిపోయే రిలే కూడా పెట్టాం, లేకపోతే రాత్రి ఫ్రిజ్ జీపు బ్యాటరీని కూడా తాగేస్తుంది. మళ్లీ కొలిస్తే వెనక 13.8.

మీది కొత్త బండి అయితే ఇంకో మెలిక ఉంది. కొన్నిటిలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది, ముందు బ్యాటరీ నిండగానే డీజిల్ మిగలాలని వోల్టేజీ తగ్గించేస్తుంది. అప్పుడు ఎంత లావు వైరు వేసినా లాభం లేదు. ట్రెయిలర్ బ్యాటరీ పక్కనే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాలి. వచ్చిన వోల్టేజీని అది 14.4 దాకా ఎత్తి ఇస్తుంది.

మామ మళ్లీ అదే గేటు దగ్గర రాత్రంతా ఆగాడు. పొద్దున మీటర్ ఫొటో పంపాడు, 12.4. పిండి బాగుంది, బేరం అయింది. ఇప్పుడు వానలు పడుతున్నాయి కదా, ప్లగ్గు పిన్నులకు పచ్చ చిలుము పట్టిందని నిన్ననే ఫోన్ చేశాడు. రేపు గరుకు కాగితం తీసుకుని పోవాలి.