శిశు మరణాల రేటు: తెలుగు రాష్ట్రాలు

శిశు మరణాల రేటు అంటే సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండానే చనిపోయే బిడ్డల సంఖ్య. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఇది 106. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 24కు, తెలంగాణలో 21కి తగ్గింది. అదే ఏడాది కేరళలో 6 మాత్రమే; ఆ తేడా అంతా మనం కాపాడుకోగలిగిన బిడ్డలే.

ఒకప్పుడు ఇంటి కాన్పుల్లో కొడవలితోనో, వాడేసిన బ్లేడుతోనో బొడ్డు కోసేవారు. దాంతో ధనుర్వాతం సోకిన పసికందు దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక రోజుల్లోనే కన్నుమూసేది. గర్భిణులకు ధనుర్వాతం రాకుండా వేసే టీటీ టీకాలు, ఆసుపత్రి కాన్పులు ఆ జబ్బును తరిమేశాయి.

ఇప్పుడు మరణాల్లో ఎక్కువ భాగం తొలి 28 రోజుల్లోనే. ప్రధాన కారణాలు: నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, పుట్టగానే ఊపిరాడకపోవడం. బరువు తక్కువ బిడ్డను తల్లి గుండెలపై ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచితే వెచ్చదనం నిలుస్తుంది.