బల్ల మీది పటం: పులిజూదం గీతల నుంచి కంప్యూటర్ తెర దాకా

పాత గుడి మండపాల్లో నేలబండల మీద చెక్కిన పులిజూదం గీతలు మీరు చూసే ఉంటారు. ఎవరో ఎప్పుడో, ఎండ చల్లబడేదాకా పొద్దుపుచ్చడానికి గీసుకున్న గీతలవి. కొన్ని గీతలు, గుప్పెడు గింజలు ఉంటే చాలు, బండరాయి అడవి అయిపోతుంది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ తెర కూడా చేస్తోంది. టీవీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద కోటలు, గుహలు, పట్టణాల పటాలు చూపిస్తూ, చుట్టూ కూర్చుని ఆడేవారున్నారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఏ ప్రయత్నం ఫలించిందో పాచికలు తేలుస్తాయి. వీటిని పాత్రధారణ ఆటలు అనవచ్చు. వీటిలోకి పటం ఎలా వచ్చింది? ఆ చరిత్రను పుదుచ్చేరి పట్టణం పక్కన పెట్టి చూస్తే చక్కగా అర్థమవుతుంది.

గడుల పట్టణం

పుదుచ్చేరి వీధులు చాలావరకు ఒకదానినొకటి లంబంగా ఖండించుకుంటాయి. పై నుంచి చూస్తే గళ్ళ కాగితంలా కనిపిస్తుంది. ఇది ఫ్రెంచివారి పథకమేనని చాలాకాలం అనుకున్నారు. కాని 1693లో డచ్చివారు ఈ పట్టణాన్ని గెలుచుకుని 1699 వరకు తమ అధీనంలో ఉంచుకున్నారు. ఆ కాలంలో వారు గీసిన పటాలను చరిత్రకారుడు ఝాఁ దెలోష్ పరిశీలించి, గళ్ళ వీధుల పథకానికి మూలం వాటిలోనే ఉందని చూపించాడు. అంటే నేల మీద వీధులు పడకముందే కాగితం మీద గడులు పడ్డాయన్నమాట.

ఆటలోకి పటం

గడుల మీద యుద్ధం ఆడటం మనకు కొత్త కాదు. చదరంగానికి పుట్టినిల్లు మన దేశమే. అయితే చదరంగంలో కొండ లేదు, ఏరు లేదు, గడులన్నీ ఒకటే. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో హెల్విగ్ అనే గణిత ఉపాధ్యాయుడు ఈ లోటు తీర్చాడు. ఆయన బల్లలో చదరంగం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గడులు ఉండేవి. పర్వతాలకు ఎరుపు, నీటికి నీలం, ఇలా నేల తీరును బట్టి గడికి రంగు ఇచ్చాడు.

1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ గడులనే తీసేశాడు. 1:8000 స్కేలులో గీసిన నిజమైన భూపటం మీద బిళ్ళలు కదిలించే ఆట తయారుచేశాడు. ఒక్కో ఎత్తు రెండు నిమిషాల యుద్ధకాలానికి సమానం. ఇందులో ముఖ్యమైన వ్యక్తి మధ్యవర్తి. శత్రువు నిజంగా కంటపడినప్పుడే ఆ బిళ్ళను ఆయన పటం మీద పెడతాడు. చదరంగంలో అంతా ఇద్దరికీ కనిపిస్తుంది. ఇక్కడ కనిపించనిదే ఎక్కువ.

1969లో అమెరికాలో డేవిడ్ వెస్లీ ఒక ఆటలో ఒక్కొక్కరికి సైన్యానికి బదులు ఒక్కొక్క పాత్ర ఇచ్చాడు. ఆయనతో ఆడిన డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించాడు. రైస్విట్జ్ మధ్యవర్తి ఇందులో కథకుడయ్యాడు. గళ్ళ కాగితం మళ్ళీ బల్ల మీదికి వచ్చింది.

స్కేలు లెక్క

కాగితం స్థానంలో తెర పెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఈ ఆటల్లో సాధారణంగా ఒక అంగుళం గడి 5 అడుగుల నేలకు గుర్తు. 5 అడుగులంటే 60 అంగుళాలు కనుక స్కేలు 1:60. 43 అంగుళాల టీవీకి ఆ కొలత మూల నుంచి మూలకు. అడ్డం సుమారు 37.5 అంగుళాలే ఉంటుంది. అడ్డంగా 1,920 చుక్కలున్న తెర అయితే, 1,920ని 37.5తో భాగించాలి. అంగుళానికి సుమారు 51 చుక్కలు వస్తాయి. పటంలోని ప్రతి గడి 51 చుక్కల వెడల్పు ఉండేలా సరిచేస్తేనే బల్ల మీది బొమ్మ దానిలో సరిగ్గా ఇముడుతుంది.

ఈ స్కేలులో ఆ తెర అడ్డంగా చూపగలిగేది సుమారు 57 మీటర్ల నేల మాత్రమే. ఒక కిలోమీటరు పొడవున్న వీధిని చూపాలంటే దాదాపు 17 మీటర్ల బల్ల కావాలి! రైస్విట్జ్ స్కేలులో అదే వీధి 12.5 సెంటీమీటర్లు. పట్టణం మొత్తం బల్ల మీదికి వస్తుంది, కాని మనిషి మాయమవుతాడు. స్కేలు మారితే మనం చూసే చరిత్ర కూడా మారుతుంది.

పొరల పటం

కంప్యూటర్ పటం ఒకే బొమ్మ కాదు. ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక పొరల కట్ట. నేల ఒక పొర, గోడలు ఒకటి, మనుషులు ఒకటి. అన్నిటికీ పైన నల్లని పొర ఒకటి. పాత్ర నిలబడిన చోటి నుంచి నలువైపులా గీతలు సాగించి, అవి ఏ గోడకు తగిలి ఆగుతాయో కంప్యూటర్ లెక్క కడుతుంది. అంతమేరకే నలుపు తొలగుతుంది. రైస్విట్జ్ మధ్యవర్తి కళ్ళతో చేసిన పని ఇదే.

పొరల ఆలోచన ఆటలది మాత్రమే కాదు. 1955లో పుదుచ్చేరిలో ప్రారంభమైన ఫ్రెంచి పరిశోధన సంస్థ 1960లలో పది లక్షలకు ఒకటి స్కేలులో మన దేశపు వృక్షసంపద పటాలను వెలువరించింది. వర్షపాతం, నేల, అడవి వంటి వివరాలను కలిపి చూపడం అలాంటి పటాల పద్ధతి. తర్వాత వచ్చిన కంప్యూటర్ భౌగోళిక సమాచార వ్యవస్థలు అవే వివరాలను విడివిడి పొరలుగా నిలువచేస్తాయి.

రంగు లేని బిళ్ళలు

ఇప్పుడు పుదుచ్చేరినే ఆటలో పెడదాం. 1760లో ఐర్ కూట్ నాయకత్వంలో బ్రిటిష్ సైన్యం పట్టణాన్ని ముట్టడించింది. లోపల ఫ్రెంచి సేనాని లాలీ. తిండి కరువై లాలీ వెయ్యికి పైగా పట్టణవాసులను కోట బయటికి వెళ్ళగొట్టాడు. బ్రిటిష్ వారు మొదట దారి ఇవ్వలేదు. రెండు సైన్యాల మధ్య వారు రోజుల తరబడి ఆకలితో అలమటించారు. 1761 జనవరి 16న పట్టణం లొంగిపోయింది. ఈ పట్టణపు జీవితాన్ని పాతికేళ్ళ పాటు తమిళంలో దినచర్యగా రాసిన ఆనంద రంగ పిళ్ళై అంతకు నాలుగు రోజుల ముందే కన్నుమూశాడు. బ్రిటిష్ వారు కోటనూ ఇళ్ళనూ నేలమట్టం చేశారు. 1765 నుంచి ఫ్రెంచివారు తిరిగి కట్టినప్పుడు పాత వీధుల గీతలనే అనుసరించారు. ఇళ్ళు పోయినా పటం మిగిలింది.

యుద్ధపు ఆటల్లో బిళ్ళలు ఎక్కువగా రెండు రంగులవే. కోట బయట చిక్కుకున్న ఆ జనానిది ఏ రంగు? వారిని పటంలో పెట్టకపోతే ఆట సాఫీగా సాగుతుంది, చరిత్ర మాత్రం తప్పుతుంది. కంప్యూటర్ ఎన్ని పొరలైనా ఇస్తుంది. ఏ పొర చేర్చాలో అది చెప్పదు. బల్ల చుట్టూ కూర్చున్నవారే తేల్చుకోవాలి.

ఈ సెలవుల్లో మీరూ ప్రయత్నించండి. టీవీ అక్కరలేదు, గళ్ళ కాగితం, చింతగింజలు చాలు. మీకు తెలిసిన ఒక కోటను, దాని చుట్టూ ఊరిని స్కేలు ప్రకారం గీయండి. రెండు సైన్యాలతో పాటు ఊరివాళ్ళకు మూడో రంగు ఇవ్వండి. ప్రతి ఎత్తుకూ మధ్యవర్తి ఒక ప్రశ్న అడగాలి: "ఇప్పుడు వీళ్ళు ఎక్కడికి పోతారు?"