చదువు నడుమ ఓ పాట

తిరుపతి హాస్టల్లో ఉన్న మా అమ్మాయి మొన్న ఫోన్లో, “అమ్మా, మార్కులు తప్ప ఇంకేమీ అడగవేం?” అని ఏడ్చేసింది. పరీక్షలని పాట మాన్పించినదాన్ని నేనే!

మన మదనపల్లెలో అనీబిసెంటుగారు 1915లో కాలేజీ స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో, ఊళ్లు తిరిగి అలసిన విశ్వకవి రవీంద్రులు అక్కడ విశ్రాంతికి ఆగారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్‌గారు విద్యార్థులతో సాయంత్రాలు పాటల గోష్ఠి జరిపేవారు. రవీంద్రులు అందులో కూర్చుని ‘జనగణమన’ పాడారు. ఇంగ్లీషులోకి మార్చిందీ అక్కడే. చదువుకీ పాటకీ పోటీ లేదన్నమాట!

నేటి కాలేజీల్లో ఒత్తిడి తగ్గించే తరగతులు పెడుతున్నారు. 2022లో ప్రారంభమైన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే బాధ చెప్పుకోవచ్చు. అయినా మొదటి మాట అడగవలసింది మనమే కదా! నేనిప్పుడు ముందు “ఏం పాడుకున్నావే?” అంటున్నాను. మరి మీరు?