ఎదురు వచ్చేవాని కన్ను

గడచిన కార్తికమాసంలో మా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. మారేడుమిల్లి ప్రాంతం నుండి కూరగాయలు దింపుకొనివచ్చే చిన్న ట్రక్కు వానిది. బేరం రాత్రి మూడు గంటలకు మొదలవుతుంది. చేతిలోని పొడవాటి అట్టపెట్టె విప్పి చూపించాడు. అల్యూమినియం చట్రంలో రెండు వరుసలుగా అద్దపు కళ్ళు. "ఎల్ఇడి బార్ లైటండీ మాస్టారూ, క్యాబిను మీద బిగిస్తాను. గేదెలు రోడ్డు మీదే పడుకుంటున్నాయి. మొన్న అడవిపంది అడ్డం వచ్చింది. బ్రేకు ఇన్స్‌పెక్టరు పట్టుకుంటాడంటున్నారు. మీరు పుస్తకాలు చదువుతారు గదా, చూసి చెప్పండి" అన్నాడు.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవానికి దీపాల సంగతి ఏమి తెలుస్తుంది? అయినా నేను శ్రద్ధగా చదవడానికి నా సొంత కారణం ఒకటి ఉన్నది. 1994లో ఒక సాయంకాలం బడి నుండి సైకిలు మీద కాలువగట్టున వస్తుండగా ఎదురుగా వచ్చిన ఏదో బండి దీపాలకు కళ్ళు చీకట్లు క్రమ్మి గట్టు దిగువకు పడ్డాను. అది లారీయో, బస్సో నేటికీ తెలియదు. కుడి మణికట్టు విరిగింది. ఆ తరువాత నల్లబల్ల మీద నా అక్షరాలు మునుపటివలె కుదరలేదు. గుండ్రని తెలుగు లిపికి మణికట్టు ఎంత అవసరమో అప్పుడే తెలిసింది.

దివ్వె, దివిటీ అనేవి దీపశబ్దంతో చుట్టరికం గల మాటలు. పూర్వం దివిటీ పట్టేవాడు ముందు నడిచేవాడు, బండి వెనుక వచ్చేది. మా చిన్నతనంలో ఎడ్లబండి ఇరుసుకు వ్రేలాడే కిరసనాయిలు లాంతరు దారి చూపేందుకు కాదు; దారి ఎడ్లకే తెలుసు. "ఇక్కడ బండి ఉన్నది" అని ఇతరులకు చెప్పేందుకు. ఈ భేదం గమనించదగినది. మొదట దీపం ఎదుటివాని కోసం పుట్టింది. వేగం పెరిగిన తరువాతనే అది తోలేవాని సొత్తయింది.

తొలి మోటారుకార్లకు ఎసిటిలీన్ దీపాలుండేవి. కార్బైడు గడ్డల మీద నీటిచుక్కలు పడితే వాయువు పుడుతుంది, దానిని వెలిగించేవారు. 1909 నుండి కొన్నేళ్ళు ఫోర్డు మోడల్-టి కార్లకు ముందు అవే. 1915లో వాటికి విద్యుద్దీపాలు వచ్చాయి గాని, ఆ కరెంటు ఇంజనులోని మాగ్నెటో ఇచ్చేది. బండి నెమ్మదిస్తే దీపం మందగించేది, వేగం పుంజుకుంటే ప్రజ్వరిల్లేది. చీకట్లో జాగ్రత్తగా పోదామనుకున్నవానికే వెలుగు కరవు! అంతకుముందే, 1912లో, కాడిలాక్ వారు బ్యాటరీతో నడిచే స్టార్టరును, దీపాలను కలిపి ఇచ్చారు. 1913లో జర్మనీలో బాష్ సంస్థ డైనమోతో కూడిన దీపాల అమరికను తెచ్చింది.

వెలుగు పెరగగానే రెండవ చిక్కు పుట్టింది. ఎదుటివానికి కళ్ళు కనబడవు. అప్పటి నుండి దీపాల చరిత్ర సగం వెలిగించడం, సగం దించడం. 1920ల నడుమ ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి, ఒకటి దూరానికి, ఒకటి నేలకు అన్నారు. ఆ రెంటినీ మార్చే మీట మన పాత అంబాసిడరు కార్లలో ఎడమకాలి క్రింద ఉండేది. ఫ్రాన్సు వారు మరొక దారి పట్టి, 1930ల చివరి నుండి 1993 దాకా కార్లన్నిటికీ పసుపు దీపాలే ఉండాలన్నారు.

మన తీరంలో యుద్ధకాలపు ముచ్చట ఒకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజులలో కార్ల దీపాలకు పైసగం నల్లరంగు పూసుకునేవారని మా నాన్నగారు చెప్పేవారు. శాంతి వచ్చాక కూడా మన లారీల హెడ్‌లైట్ల మీద ఆ నల్లబొట్టు చాలాకాలం ఉండేది. ఆకాశం నుండి చూసే శత్రువు పోయాడు. ఎదురు వచ్చే మనిషి మిగిలాడు.

ఇక చట్టం. భారతదేశపు మొదటి మోటారు వాహనాల చట్టం 1914 నాటిది, తరువాతది 1939, ఇప్పటిది 1988. దాని క్రింద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలలో 106వది చదివి నేను చాలాసేపు కదలలేదు. దీపం నుండి 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు ఆవల, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా కాంతి క్రిందికి వంగి ఉండాలట. ఆ కన్ను ఎవరిదో నిబంధన చెప్పదు. నాకు మాత్రం అది సైకిలు మీద వచ్చేవాని కన్ను.

111వ నిబంధన ఇంకా సూటిగా ఉన్నది. బండి ముందు స్పాట్ లైటు, సెర్చి లైటు పెట్టరాదు. విశేష పరిస్థితులలో, రిజిస్ట్రేషను అధికారి ముందస్తు అనుమతితో తప్ప. ఇది చదివి వినిపిస్తే మావాడు "అయితే అనుమతి తెచ్చుకోవచ్చు గదండీ" అన్నాడు. "వంకాయలు విశేష పరిస్థితి అని అర్జీ వ్రాయగలవా? భాష నేను దిద్దుతాను" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. బండి ఆకృతిని తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్చరాదని 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణ తరువాత యజమాని చేసిన అట్టి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల లోపు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును.

అన్ని దేశాలూ ఇంత కఠినం కావు. కంగారూలు అడ్డుపడే ఆస్ట్రేలియాలో ఇటువంటి బార్లు చెల్లుతాయి గాని, హైబీము వెలిగితేనే అవి వెలగాలి, అది ఆరితే ఆరాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో రోడ్డెక్కే ముందు వాటికి మూతలు తొడగాలి.

పెట్టె మీద 126 వాట్లు, 12,600 ల్యూమెన్లు అని ఉన్నది. సామాన్యమైన హెచ్4 హాలోజన్ బల్బు హైబీములో సుమారు 1,650 ఇస్తుంది. పెట్టె మీది అంకె సాధారణంగా చిప్పుల గణితమే. అద్దం, వేడి మింగగా బయటికి వచ్చేది తక్కువ. అయినా ఎక్కువే. 12 వోల్టుల బ్యాటరీ నుండి అది పదిన్నర ఆంపియర్లు లాగుతుంది. రిలే, ఫ్యూజు లేకుండా స్విచ్చికి నేరుగా కలిపితే తీగలు కాలుతాయి. సన్నని స్పాట్ పుంజం దూరానికి, వెడల్పు ఫ్లడ్ పుంజం దగ్గరికి. ఐపి67 అని ఉంటే ధూళి చొరదు, మీటరు లోతు నీటిలో అరగంట నిలుస్తుంది. ఇవన్నీ మంచి గుణాలే, పొలంలో.

మావానికి నిజంగా కావలసినది వేరు. ఆ ఘాట్‌లో శీతకాలపు మంచు. క్యాబిను మీది తెల్లని వెలుగు మంచుకు తగిలి తిరిగి తోలేవాని కళ్ళలోనే పడుతుంది, వర్షంలోనూ అంతే. ఎత్తున ఉన్న దీపం సొంత బానెట్ మీదా మెరుస్తుంది. తన కళ్ళు కూడా ఎదుటివాని కళ్ళేనని వానికి అప్పుడు తట్టింది. మంచులో పనికివచ్చేది బంపరు దగ్గర, క్రిందుగా, వెడల్పుగా, పైఅంచు తెగినట్లుండే ఫాగ్ ల్యాంపు. వాని బండి పైరకంలో కంపెనీవారే వాటిని ఇస్తారు. అవే తెప్పించి అధీకృత వర్క్‌షాపులో బిగించమన్నాను. అరిగిన హెడ్‌లైటు అద్దాలు మార్చి, పుంజం గోడ మీద కొలిపించుకోమన్నాను. వేలకు వేలు పెట్టి కొత్త దీపం కొనేవారు మసకబారిన పాత అద్దం మార్చరు, అదేమి విచిత్రమో.

బార్ లైటు వృథా పోలేదు. వాని చేనులో మోటారు షెడ్డు మీద పాత బ్యాటరీతో వెలుగుతున్నది. పందులు ఆ వైపు రావడం తగ్గిందంటాడు.

మొన్న వాని బండిలో ఆ దారిన వెళ్ళాను. మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. మావాడు డిమ్ చేశాడు. లారీవాడు చేయలేదు.