పందెపు గుర్రం, మొరగని కుక్క: ‘సిల్వర్ బ్లేజ్’ రేడియో నాటకీకరణలో శబ్దం పాత్ర

అపరాధ పరిశోధన కథను రేడియో నాటకంగా మలిచే రచయితకు ఎదురయ్యే మొదటి చిక్కు ఆధారాల విషయంలో వస్తుంది. రంగస్థలం మీద ఒక మూల పడివున్న కత్తిని ప్రేక్షకుడు తనంతట తానే గమనించగలడు. రేడియోలో మాత్రం ఎవరో ఒకరు దాని పేరెత్తితే తప్ప ఆ కత్తి లేనట్టే, పేరెత్తిన మరుక్షణం అది శ్రోత అనుమానానికి గురి అవుతుంది. ఆధారాన్ని చెప్పి తీరాలి, అయితే అది ఆధారమని అప్పుడే తెలియనివ్వకూడదు అనే ఈ జంట నియమాన్ని పరిశీలించడానికి గుర్రప్పందేల నేపథ్యంలో ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన ‘సిల్వర్ బ్లేజ్’ అనువైన కథ.

1892 డిసెంబరులో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వెలువడిన ఈ కథలో ప్రధానాంశం ఒక మరణం, ఒక అదృశ్యం. వెసెక్స్ కప్ పందెంలో గెలుస్తుందని అందరూ నమ్మిన గుర్రం డార్ట్‌మూర్ ప్రాంతంలోని కింగ్స్ పైలాండ్ శాల నుంచి రాత్రికి రాత్రే మాయమవుతుంది. దాని శిక్షకుడు జాన్ స్ట్రేకర్ తల పగిలి బయలులో శవమై కనిపిస్తాడు. ముందటి సాయంత్రం శాల దగ్గర తచ్చాడిన ఫిట్జ్‌రాయ్ సింప్సన్ అనే పందెగాడిని పోలీసులు అరెస్టు చేస్తారు. అయితే రహస్య జీవితపు ఖర్చులకు డబ్బు కావలసి, గుర్రాన్ని కుంటిదాన్ని చేసి పందెంలో లాభపడాలనుకున్న స్ట్రేకరే దాన్ని బయటికి తోలుకుపోయాడనీ, సన్నని శస్త్రచికిత్స కత్తితో కాలి స్నాయువు మీద గాటు పెట్టబోగా బెదిరిన గుర్రం తన్నిన తన్నుకే అతడు చనిపోయాడనీ షెర్లాక్ హోమ్స్ తేలుస్తాడు.

హోమ్స్ కథలు రేడియోకు కొత్తవి కావు. 1930లో అమెరికాలోని ఎన్‌బీసీ ఎడిత్ మైసర్ నాటకీకరణలతో ధారావాహికను ప్రారంభించింది. బీబీసీ రేడియో 4 1989 నుంచి 1998 వరకు క్లైవ్ మెరిసన్ హోమ్స్‌గా, మైకేల్ విలియమ్స్ వాట్సన్‌గా నాలుగు నవలలనూ 56 కథలనూ పూర్తిగా ప్రసారం చేసింది.

రేడియో శ్రోత అనుమానితులను గొంతుల ద్వారానే గుర్తుపెట్టుకుంటాడు. ఎవరు మాట్లాడారో వారిలోనే హంతకుణ్ణి వెతుకుతాడు. ‘సిల్వర్ బ్లేజ్’లో మరణకారకం గుర్రం; దానికి సంభాషణ లేదు, పాత్రధారుల పట్టికలో చోటు లేదు. కొబ్బరి చిప్పలు తట్టి పుట్టించే గిట్టల చప్పుడు, అంటే మాటలు కాని వాతావరణ శబ్దాలను సూచించే సౌండ్ ఎఫెక్ట్స్‌లో ఒకటి, శ్రోతకు గుర్రప్పందేల లోకాన్ని తెలిపే నేపథ్యంగానే తోస్తుంది. అసలు దోషి ఆ నేపథ్యంలోనే దాగివుంటుంది.

కుక్క విషయం ఇంతకన్నా సున్నితమైనది. సింప్సన్ వచ్చినప్పుడు శాలలోని కుర్రవాడు నెడ్ హంటర్ కుక్కను విప్పడానికి పరుగెత్తుతాడు. ఆ సన్నివేశంలో మొరుగుడు వినిపిస్తే శాలకు కాపలా ఉందన్న సంగతి సహజంగా శ్రోత చెవిన పడుతుంది. నడిరాత్రి ఎవరో వచ్చి గుర్రాన్ని తీసుకుపోయినా, అటక మీద పడుకున్న ఇద్దరు కుర్రవాళ్లకు మెలకువ రాలేదు, ఎందుకంటే వచ్చినవాడు కుక్కకు బాగా తెలిసినవాడు కాబట్టి అది మొరగలేదు. ఈ ఘట్టాన్ని నేరుగా వినిపిస్తే రహస్యం బయటపడుతుంది, వినిపించకపోతే నిశ్శబ్దాన్ని గమనించే అవకాశం శ్రోతకు ఉండదు. అందువల్ల మొరగకపోవడం అనే ఆధారం సంభాషణలోనే రావాలి. ముందు వినిపించిన మొరుగుడు ఎంత స్పష్టంగా ఉంటే, తరువాత చెప్పే నిశ్శబ్దానికి అంత బలం చేకూరుతుంది.

క్రీడా నేపథ్యం విషయంలో మూలకథకు ఒక లోపం ఉంది. గుర్రప్పందేల నిబంధనల గురించి తనకున్న జ్ఞానం అంతంతమాత్రమేనని, కథలో జరిగినట్టే జరిగితే పాత్రల్లో సగంమంది జైలుకు వెళ్లేవారనీ మిగిలినవారు మైదానం నుంచి శాశ్వతంగా బహిష్కృతులయ్యేవారనీ ఒక క్రీడాపత్రిక విమర్శించిందని డాయిల్ ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అయినా రేడియో ప్రసారానికి ముగింపులోని పందెం ఘట్టం చక్కగా సరిపోతుంది. బీబీసీ 1927లో గ్రాండ్ నేషనల్ పందేన్ని ప్రత్యక్ష వ్యాఖ్యానంతో వినిపించిన నాటి నుంచి శ్రోతలకు పందేన్ని చెవులతో చూడడం అలవాటైంది. వెసెక్స్ కప్ ఘట్టాన్ని మూలకథలోనే డాయిల్ చాలావరకు చూసేవారి మాటల్లో నడిపించాడు. నుదుటి తెల్లమచ్చకు రంగు పూసి గుర్రాన్ని గుర్తుపట్టకుండా చేసిన మోసం కూడా కళ్లు లేని మాధ్యమంలో మరింత సులువుగా నిలుస్తుంది.

ఈ పరిశీలన ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. సౌండ్ ఎఫెక్ట్స్‌ను సంభాషణకు అలంకారంగా మాత్రమే ఎంచే నాటకీకరణ ‘సిల్వర్ బ్లేజ్’లోని కీలకాన్ని కోల్పోతుంది, గిట్టల చప్పుడునూ మొరుగుడునూ కథావస్తువులో భాగంగా చేర్చినదే శ్రోతకు ఆధారాలను న్యాయంగా అందించగలదు.