సూరత్‌లో తెలుగింటి పసుపు: దినుసుల పేర్లు, ఎంపిక, జాగ్రత్తలు

గుజరాత్‌లోని సూరత్ నగరంలో మరమగ్గాల పరిశ్రమను నమ్ముకుని తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన చేనేత కుటుంబాలు వీరిలో అధికం. లింబాయత్, ఉధనా వంటి పేటల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ నిర్వహించే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటం ఈ వలస ఎంత లోతుగా వేళ్లూనుకుందో చెబుతుంది. చెన్నై నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఆగుతుంది. సెలవులకు ఊరికి వెళ్లివచ్చే వారి సంచుల్లో కారం, చింతపండు, పసుపు కొమ్ములు ఆ రైలులోనే ప్రయాణిస్తుంటాయి.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరంలోని ప్రధాన రేవు పట్టణం. మిరియాలు, లవంగాలు, జాజికాయ ఇక్కడ చేతులు మారాయి. 17వ శతాబ్ది తొలినాళ్లలోనే ఆంగ్లేయులు, డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. అటువంటి నగరంలో మసాలా దినుసులకు కొరత ఉండదు. కొత్తగా వచ్చిన తెలుగు గృహిణికి ఎదురయ్యే చిక్కు పేర్లతోనే.

పసుపును గుజరాతీలో ‘హళదర్’ అంటారు. జీలకర్ర ‘జీరు’, ధనియాలు ‘ధాణా’, వాము ‘అజ్‌మో’, దాల్చినచెక్క ‘తజ్’, లవంగం ‘లవింగ్’, యాలకులు ‘ఎల్‌చీ’, నువ్వులు ‘తల్’, చింతపండు ‘ఆంబ్లీ’, అల్లం ‘ఆదు’. మిరియాలను ‘మరీ’ అని, ఆవాలను ‘రాయి’ అని అంటారు. ఈ రెండు మాటలకూ తెలుగులో వేరే అర్థాలున్నందువల్ల మొదటి కొన్నాళ్లు తికమక తప్పదు. కరివేపాకు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గుజరాతీలో ‘లీమ్‌డో’ అంటే వేప. కరివేపాకును ‘మీఠో లీమ్‌డో’, అంటే తీపి వేప అంటారు. మొదటి మాట మరచి అడిగితే దుకాణదారు చేతికి వేపాకు ఇచ్చినా తప్పు పట్టలేము. తెలుగులోనూ కరివేపాకు పేరులో వేప దాగి ఉందన్నది గమనిస్తే ఈ మాట గుర్తుంచుకోవడం తేలిక.

ఇక పసుపు. తెలుగునాట పసుపు అనగానే ఎండిన కొమ్ము, లేదా దాని పొడి గుర్తుకు వస్తుంది. సూరత్‌లో శీతాకాలం రాగానే కూరగాయల బండ్లపై పచ్చి పసుపు దుంపలు కుప్పలుగా కనిపిస్తాయి. దీనిని ‘లీలీ హళదర్’ అంటారు. చెక్కు తీసి సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసంలో ఊరవేసి రొట్టెతో పాటు తింటారు. సౌరాష్ట్ర, ఉత్తర గుజరాత్ ప్రాంతాల్లో పచ్చి పసుపు తురుమును నేతిలో వేయించి కూరగా వండుతారు. పసుపును చిటికెడు చొప్పున వాడే తెలుగువారికి, గిన్నెడు పసుపు కూర తొలిసారి చూసినప్పుడు ఆశ్చర్యం కలగడం సహజం.

ఆ బండ్లపైనే ‘ఆంబా హళదర్’ పేరిట లేత రంగు దుంపలు కూడా ఉంటాయి. పేరును బట్టి ఇది మరో రకం పసుపు అనుకోవడం పొరపాటు కాదు. వృక్షశాస్త్రం ప్రకారం ఇది పసుపు కుటుంబానిదే. అయితే తెలుగువారికి ఇది కొత్తది కాదు, మన మామిడి అల్లమే. గుజరాతీలు దానిని పసుపుగా చూశారు, తెలుగువారు అల్లంగా చూశారు. పచ్చి మామిడి వాసన మాత్రం ఇద్దరూ గుర్తించారు. మామిడి అల్లం పచ్చడి కోసం ఊరి నుంచి తెప్పించుకునే వారు కూరగాయల బజారులో ఈ పేరుతో అడిగితే సరిపోతుంది.

పచ్చి పసుపును తెలుగు వంటలో వాడదలచిన వారు కొలత మార్చుకోవాలి. దానిలో నీరు అధికం. ఎండితే దుంప బరువులో నాలుగో వంతు, ఐదో వంతు మాత్రమే మిగులుతుంది. అంగుళం ముక్క తురుము ఇంచుమించు ఒక చెంచా పొడికి సమానం. పప్పు, చారు, పులిహోర తాలింపులో ఇది చక్కగా ఇముడుతుంది, సువాసన కూడా పొడి కంటే ఎక్కువ. ఊరగాయలకు మాత్రం పనికిరాదు. అందులోని తేమ వల్ల నిల్వ పచ్చడి బూజు పట్టే ప్రమాదం ఉంది. అక్కడ ఎండు కొమ్ముల పొడినే వాడాలి.

పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. తాలింపు నూనెలో పసుపు వేసే పాత అలవాటుకు ఇదే ఆధారం. వెలుతురు తగిలితే ఈ రంగు క్రమంగా వెలిసిపోతుంది కనుక పొడిని గాజు సీసాలో కిటికీ పక్కన ఉంచడం సరికాదు. సున్నం వంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిళ్లలో కాళ్లకు పూసే పారాణి ఆ గుణం వల్ల వచ్చినదే. బతుకమ్మ పండుగకు పసుపు ముద్దతో గౌరమ్మను చేసే తెలంగాణ ఆడపడుచులకు, పెళ్లికి ముందు ‘పీఠీ’ పేరిట పసుపు పూసే గుజరాతీ ఇళ్ల వేడుక పరాయిదిగా అనిపించదు.

అయితే పూజకు, ఒంటికి వాడే పసుపు వేరు, వంట పసుపు వేరు. పూజ పసుపు ప్యాకెట్లపై ఆహారానికి కాదన్న హెచ్చరిక తరచుగా చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలియని లిపిలో ఉన్న ప్యాకెట్టును రంగు చూసి కొనేవారు ఈ తేడాను దుకాణదారుని అడిగి తెలుసుకోవాలి.

అసలు ప్రమాదం విడిగా అమ్మే పొడిలో ఉంది. పసుపును ఉడికించి, ఎండబెట్టిన తర్వాత మెరుగు పెడతారు. నాసిరకం దుంపలకు నిగనిగలాడే రంగు రావడానికి ఈ దశలో లెడ్ క్రోమేట్ అనే పారిశ్రామిక రంగును పూసే దురలవాటు దక్షిణాసియాలో పలుచోట్ల బయటపడింది. ఇందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జరిగిన నష్టం మందులతో పూర్తిగా పూడేది కాదు. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు ఈ కల్తీని నిరూపించిన తరువాత 2019లో ప్రభుత్వం తనిఖీలు, జరిమానాలు, ప్రచారం ఒకేసారి చేపట్టింది. 2021 నాటికి మార్కెట్ నమూనాల్లో ఈ కల్తీ కనిపించకుండా పోయింది. ఇది పేద దేశాలకే పరిమితమైన సమస్య అనుకోనవసరం లేదు. మిరప పొడికి పేరుపడ్డ హంగేరీలోనే 1994లో ఆ పొడిలో సీసంతో కూడిన ఎర్ర రంగు కలిపి అమ్మిన ఉదంతం వెలుగుచూసింది. పలువురు అస్వస్థులయ్యారు.

పొడి చేసిన మసాలా దినుసులను ప్యాకింగ్ లేకుండా విక్రయించరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అయినా గోనెసంచి నుంచి తూకం వేసి ఇచ్చే పొడి బజార్లలో నేటికీ కనిపిస్తూనే ఉంది. పది రూపాయలకో, ఇరవై రూపాయలకో సరుకు కొనుక్కునే కార్మిక కుటుంబమే దానికి ప్రధాన కొనుగోలుదారు. నిబంధన ఉన్నా దాని రక్షణ అవసరమైన చోటికి చేరడం లేదన్నది విచారకరం.

ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటుంది. గ్లాసు నీటిలో చెంచా పసుపు పొడి వేసి కదపకుండా ఉంచాలి. అసలు పసుపు అడుగుకు దిగుతూ నీటికి లేత రంగునే ఇస్తుంది. చిక్కటి పసుపు రంగు వెంటనే వ్యాపిస్తే అనుమానించాలి. కొమ్ములను నీటిలో వేసినప్పుడు రంగు దిగితే అది పైపూత. ఈ పరీక్షలు అనుమానానికే తప్ప నిర్ధారణకు చాలవు. నిర్ధారణకు ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి. కొనేటప్పుడు ప్యాకెట్టుపై ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ చూడాలి. అగ్‌మార్క్ ముద్ర ఉంటే మరీ మంచిది.

ఇంతకంటే నమ్మకమైన దారి గుజరాతీలదే. వేసవి ఆరంభంలో ఏడాదికి సరిపడా మసాలాలు కొనే ఆచారం అక్కడి ఇళ్లలో ఉంది. ఈ కాలానికి బజార్లలో ప్రత్యేకంగా పందిళ్లు వెలుస్తాయి. ఎండు మిరప, పసుపు కొమ్ములు, ధనియాలు ఎంచుకుని కళ్లెదుటే దంపించుకోవచ్చు. కొమ్మును విరిచి చూడాలి. ఠక్కుమని విరగాలి, లోపల ముదురు నారింజ రంగు ఉండాలి. పైన మెరుస్తూ లోపల పాలిపోయి ఉంటే వదిలేయడం మేలు. మిరప విషయంలో రుచి తేడా ఉంటుంది. గుజరాత్‌లో ఆదరణ పొందిన రేషంపట్టో, కాశ్మీరీ రకాలు రంగుకు ప్రసిద్ధి, తెలుగువారి నాలుకకు ఘాటు చాలదు. గుంటూరు రకం కావాలని విడిగా అడగాలి, లేదా రెండూ కలిపి దంపించుకోవాలి.

కొమ్ములను ఊరి నుంచి తెచ్చుకునే వారికీ దారి సులువే. తెలంగాణలో నిజామాబాద్, ఆంధ్రప్రదేశ్‌లో దుగ్గిరాల ప్రసిద్ధ పసుపు మార్కెట్లు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు కొత్త పంట వస్తుంది. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ ఉత్పత్తిలో ఇది 75 శాతానికి పైమాటే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

పసుపు ఔషధ గుణాల గురించి ప్రచారం విపరీతంగా పెరిగినందున ఒక హెచ్చరిక అవసరం. వంటలో వాడే పరిమాణం సాధారణంగా హాని చేయదు. గాఢత పెంచిన కర్క్యుమిన్ మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా అటువంటి మాత్రలు తీసుకోరాదు.